దర్జీ యాకూబ్ రక్తంలో రెండో వైరస్

ముందుగా

సర్కారు దవాఖాన ల్యాబ్‌లో ముప్పై మూడేళ్ళు పనిచేసి దిగిపోయాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. నేను తప్పు చేసిన చోట్లే రాస్తున్నాను. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్లుగా చేరుతున్న పిల్లలకు పనికొచ్చేవి అవే.

దవాఖాన పేరు రాయను. భువనగిరికీ ఆలేరుకూ నడుమ ఎక్కడో అనుకోండి. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, నా మీద కోపం పోనివాళ్ళూ ఉన్నారు.

నా పేరు రూతు. మా బాపు కూలికి పోయేవాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నా మనసు ఒప్పుకోని మాటను కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో మీకు తెలియాలి.

ఒకే రక్తం, రెండు పేర్లు

ఎనభైల మొదట్లో చేరాను. మా పాథాలజీ డాక్టరు నరహరి సార్. తక్కువ మాట్లాడేవారు, నవ్వడం ఇంకా తక్కువ. నేను చేరిన మూడో వారం రెండు సీసాలు నా బల్ల మీద పెట్టించారు. ఒకదాని మీద లక్ష్మమ్మ అనీ, ఇంకోదాని మీద పెంటయ్య అనీ చీటీలున్నాయి. రెంటిలోనూ రక్తం ఎంత బలంగా ఉందో చూడమన్నారు. లక్ష్మమ్మకు బాగా తక్కువ, పెంటయ్యకు పరవాలేదు అని రాసిచ్చాను. ఆడమనిషి కదా, తక్కువే ఉంటుందని లోపల అనుకున్నాను కూడా.

సార్ కాగితం చూసి, "లక్ష్మమ్మా పెంటయ్యా ఇద్దరూ నేనే. పొద్దున నా చేతి నుంచి తీసి పోశాను" అన్నారు.

నాకు తల ఎత్తాలనిపించలేదు.

"తిట్టడానికి పిలవలేదమ్మా. చీటీ చూశావు, ఆడపేరు కనబడింది, కంటికి రంగు పలచగా కనబడింది. ఇవాల్టి నుంచి చీటీని నమ్మకు, సీసాను నమ్మకు, మందును నమ్మకు. నీ కన్నును అసలే నమ్మకు."

ఇంకో అలవాటు కూడా చేయించారు. జవాబు తేలని రక్తం ఏదైనా ఉంటే, పైకి తేరిన పసుపు నీటిని చిన్న సీసాలో పోసి, నంబరు వేసి, ఫ్రిజ్ మంచుగడ్డల అరలో దాచాలి. ఆ పసుపు నీటినే మేం సీరం అంటాం. "ఈరోజు మనకు అడగడం రాని ప్రశ్నను రేపు ఎవరో అడుగుతారు. అప్పటికి అది ఉండాలి" అనేవారు.

ఆయనది గొప్ప అనుమానం. ఎప్పుడూ వస్తువుల మీదా పద్ధతుల మీదా ఉండేది గానీ మనుషుల మీద ఉండేది కాదు. నేను ఆయన దగ్గర అనుమానించడం నేర్చుకున్నాను గానీ, ఈ తేడా నేర్చుకోలేదు. ఆ లోటుకు మూల్యం చెల్లించింది వేరేవాళ్ళు.

పనికిరాని రక్తం

ఎనభైల చివర్లో యాకూబ్ మా ల్యాబ్‌కు వచ్చాడు. ఆలేరు స్టేషన్ రోడ్డులో దర్జీ. ముప్పై దాటాయేమో. భార్య హలీమాకు కాన్పు కష్టమై ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రక్తం ఇవ్వడానికి చొక్కా చేయి మడుచుకుని నిలబడ్డాడు.

రక్తం ఇచ్చేవాళ్ళకు కామెర్ల పరీక్ష చేయడం అప్పుడప్పుడే మొదలైంది. హెపటైటిస్ బి అనే వైరస్ ఉందో లేదో ఒక గాజు పలక మీద చూసేవాళ్ళం. సీరం చుక్క, మందు చుక్క కలిపి పలకను అటూ ఇటూ ఊపితే, వైరస్ ఉంటే ఇసుక రేణువుల్లాగా గడ్డకడుతుంది. యాకూబ్ చుక్క చక్కగా గడ్డకట్టింది. సార్ చెప్పినట్టే రెండోసారి చేశాను. మళ్ళీ గడ్డకట్టింది.

"యాకూబ్ భాయ్, నీ రక్తం పనికిరాదు" అన్నాను.

"ఏమైందక్కా? నాకేం రోగం లేదు గదా. మంచిగనే ఉన్న."

"లోపల కామెర్ల పురుగున్నది. నీకు ఇప్పుడేం కాదు. ఇంకొకరికి ఎక్కిస్తే వాళ్ళకొస్తది."

నేను చెప్పింది తప్పేం కాదు. కానీ చుట్టూ ఆయన బావమరుదులు ఇద్దరు నిలబడి ఉండగా చెప్పాను. పెద్ద బావమరిది మహబూబ్ యాకూబ్‌ను కింది నుంచి పైకి చూసిన చూపు నాకు గుర్తుంది. ఎక్కడ తిరిగి తెచ్చుకున్నాడీ రోగం అన్న చూపది. మహబూబే రక్తం ఇచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. షబానా అని పేరు పెట్టుకున్నారు.

కొత్తగా చేరే పిల్లలూ, ఇది రాసుకోండి. రిపోర్టు ఎవరిదో వాళ్ళకే చెప్పాలి, పక్కకు పిలిచి చెప్పాలి. బి వైరస్ పుట్టుకతో తల్లి నుంచి రావచ్చు, చిన్నప్పటి సూది నుంచి రావచ్చు. ఆ మాట నేను మహబూబ్‌తో అనలేదు.

ఒక ఏడాది గడిచాక యాకూబ్‌కు టీబీ వచ్చింది. అప్పట్లో టీబీకి మాత్రలతో పాటు రోజూ ఒక సూది ఉండేది, రెండు నెలలు ఆపకుండా. రోజూ పొద్దున ఆలేరు నుంచి వచ్చి మా దవాఖాన సూదుల గది ముందు వరుసలో నిలబడేవాడు. నన్ను చూస్తే నవ్వేవాడు. "నా రక్తం ఇంక పనికిరాదా అక్కా?" అని ఎగతాళిగా అడిగేవాడు. టీబీ తగ్గుముఖం పట్టింది, మనిషి ఒళ్ళు చేశాడు. సూదులు ఆగాక మాత్రలు మాత్రం సాగాయి.

నెగెటివ్ అని రాసిన రోజు

సూదులు అయిపోయిన మూడో నెలలో యాకూబ్‌ను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. కళ్ళు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. కడుపులో ఏమీ నిలవడం లేదు. మాట తడబడుతోంది.

నాకు పాత సంగతి గుర్తుంది కాబట్టి బి వైరసే విరుచుకుపడింది అనుకున్నాను. పలక మీద చుక్క వేశాను. గడ్డకట్టలేదు. పాలు పోసినట్టు నున్నగా ఉండిపోయింది. మందు పాడైందేమోనని బి ఉందని తేలిన ఇంకో మనిషి రక్తంతో చూశాను, అది గడ్డకట్టింది. మందు బాగానే ఉంది. యాకూబ్‌ది మళ్ళీ చేశాను. నున్నగానే ఉంది.

అప్పుడు నాకు నా మీదే అనుమానం వచ్చింది. మొదటిసారి నేనే తప్పు రాశానా? రోగం లేని మనిషికి రోగం అంటగట్టి బావమరుదుల ముందు తలదించుకునేలా చేశానా?

నరహరి సార్ అప్పటికి బదిలీ అయి వెళ్ళిపోయారు. ల్యాబ్ కూడా సూపరింటెండెంట్ సారే చూసుకునేవారు. ఆయన దగ్గరికి పోయి చెప్పాను. "సార్, ఇంతకుముందు పాజిటివ్, ఇప్పుడు నెగెటివ్. ఏదో తేడా ఉంది. తేల్చకుండా రాయలేను."

ఆయన పెన్ను కింద పెట్టలేదు. "పలక మీద ఏమొచ్చింది?"

"నెగెటివ్."

"అదే రాయి. టీబీ మాత్రలు కాలేయాన్ని చెడగొడతాయి, లేదా మురికినీళ్ళ కామెర్లు. నీ పని పలక మీద కనబడింది రాయడం."

"హైదరాబాద్‌కు పంపుదామా సార్?"

"నీకు ఉద్యోగం పర్మనెంట్ అయిందా?" అన్నారు.

అంతే అన్నారు. కాలేదని ఆయనకూ తెలుసు. నేను ల్యాబ్‌కు వచ్చి నెగెటివ్ అని రాసి సంతకం పెట్టాను. పాత పాజిటివ్ సంగతి ఒక్క వాక్యం కింద రాస్తే సరిపోయేది. రాయలేదు. సీరం మాత్రం సీసాలో పోసి మంచుగడ్డల అరలో వెనక్కి నెట్టాను. ధైర్యం చాలనప్పుడు అలవాటే కాస్త ఆదుకుంటుంది.

ఆ నెగెటివ్ కాగితం చూసి టీబీ మాత్రలు ఆపించి, గ్లూకోజు పెట్టి, పథ్యం చెప్పి పంపించారు. యాకూబ్ కొంచెం లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఏడాది తిరిగేసరికి పొట్టలో నీరు చేరింది. అంత వయసులో కాలేయం అంత తొందరగా గట్టిపడటం మేమెవ్వరం చూడలేదు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చనిపోయాడు.

నేను అన్న ఒక మాట

పరామర్శకు ఆలేరు పోయాను. ఇంటి ముందర గది నిండా మనుషులున్నారు. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి మూలకు జరిపారు. హలీమా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎందుకొచ్చింది అక్కా గీ రోగం? కల్లు ముట్టలే, బీడీ ముట్టలే."

నాకు తెలియదు అని చెప్పి ఊరుకోవాల్సింది. తెలియదు అనడం మా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన మాట. నేను, "సూదులతోని గూడ వస్తది హలీమా. ఎక్కడన్న సూదులు వేయించుకున్నడా?" అన్నాను.

"జరం వస్తే సత్తయ్య డాక్టర్ దగ్గర్కే పోతుండె."

"గా సూదులే అయ్యుంటయి" అన్నాను.

సత్తయ్య ఆర్ఎంపీ. యాకూబ్ దుకాణానికి నాలుగిళ్ళ అవతల గది కిరాయికి తీసుకుని జ్వరాలకు, నొప్పులకు మందులిచ్చేవాడు. చదువు పదో తరగతి. ఒకే సూదిని రాయి మీద నూరి నూరి వాడతాడని చెప్పుకునేవాళ్ళు. మా దవాఖానలో ఏ రోగి ముదిరి వచ్చినా ముందు సత్తయ్య లాంటివాళ్ళనే తిట్టుకునేవాళ్ళం. అది మాకు అలవాటు. రెండు నెలలు రోజూ సూది వేసింది మేమేనన్న సంగతి, ఆ గదిలో కూర్చున్నంతసేపూ నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

వారం తిరగకముందే తెలిసింది. మహబూబ్, అతని తమ్ముడు పోయి సత్తయ్య బోర్డు విరగ్గొట్టారు. మందుల అలమార బజార్లో బోర్లించారు. మనిషిని కొట్టలేదట గానీ, ఊరు ఊరంతా చూస్తూ నిలబడిందట. సత్తయ్య పెళ్ళాం పిల్లలతో పాలమూరు దిక్కు బామ్మర్ది దగ్గరికి వెళ్ళిపోయాడు.

విని నేను అయ్యో అనలేదు. ఒకడి పీడ వదిలింది అనుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తానని మొదలుపెట్టాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

సర్వే వాళ్ళు

తొంభైలలోకి వచ్చాక ఒకరోజు హైదరాబాద్ నుంచి ఒక కుర్ర డాక్టరు జీపులో వచ్చాడు. దేశమంతటా హెపటైటిస్ బి ఎంతమందిలో ఉంది, వాళ్ళలో డెల్టా అనే ఇంకో వైరస్ ఎంతమందిలో ఉంది అని లెక్క తీస్తున్నారట. మా రక్తదాతల్లోనూ, పాత, కొత్త టీబీ రోగుల్లోనూ, కాన్పులకు వచ్చేవాళ్ళలోనూ బి ఉన్నవాళ్ళను పలక మీద ఏరి, వాళ్ళ సీరాలు మాత్రం ఇవ్వమన్నాడు.

డెల్టా అన్న పేరు నేను వినడం అదే మొదటిసారి. అడిగితే ఓపికగా చెప్పాడు. "అది ఒంటరిగా బతకలేదు. బి వైరస్ ఉన్న ఒంట్లోనే పెరుగుతుంది. రెండూ ఒకేసారి వస్తే చాలామంది కోలుకుంటారు. కానీ ముందునుంచే బి ఉన్న మనిషికి డెల్టా తగిలితే కాలేయం తొందరగా పాడవుతుంది. తమాషా ఏమిటంటే, డెల్టా వచ్చాక అది బి వైరస్‌ను అణిచేస్తుంది. కొందరిలో బి ఉందో లేదో తెలియనంత తగ్గిపోతుంది."

నేను ఫ్రిజ్ వైపు చూశాను.

"అయితే సార్, ముందు పాజిటివ్ ఉన్న మనిషి తర్వాత పలక మీద నెగెటివ్ రావచ్చా?"

"రావచ్చు. పలక పరీక్షకు అంత చూపు లేదు."

మంచుగడ్డల అరలో వెనక నుంచి యాకూబ్ సీసా తీశాను. "ఇదొకటి తీసుకుపోండి."

ఆయన చీటీ చూశాడు. "ఇది నెగెటివ్ కదా. మా నియమం బి పాజిటివ్‌లే."

"సార్, మీరిప్పుడే చెప్పారు, డెల్టా బిని అణిచేస్తుందని. మరి పలక మీద బి ఉన్నవాళ్ళనే ఏరితే, డెల్టా గట్టిగా పట్టినవాళ్ళు మీ లెక్కలోకి వస్తారా?"

నియమం తను పెట్టింది కాదన్నాడు. కానీ సీసా మాత్రం జేబు రుమాల్లో చుట్టి మంచు డబ్బాలో పెట్టుకున్నాడు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఆ లెక్కలో చేర్చలేదని, వ్యక్తిగతంగా రాస్తున్నానని మొదలుపెట్టాడు. పెద్ద యంత్రం మీద చూస్తే యాకూబ్ సీరంలో బి ఉంది, చాలా కొద్దిగా ఉంది. డెల్టా గట్టిగా ఉంది. మీరు మొదట రాసిందే సరి, రెండోది పొరపాటు అని రాశాడు. మేం పంపిన మిగతా సీరాల్లో ఇంకో ఇద్దరికి డెల్టా ఉందట. పేర్లు ఇచ్చాడు.

తర్వాతెప్పుడో ఆ సర్వే ఫలితాలు ఒక మీటింగులో చదివి వినిపించారు. మా దిక్కు డెల్టా అరుదు అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆ అరుదు అన్న మాట ఎలా తయారైందో నాకు తెలుసు. అప్పటి నుంచి దేశం మొత్తానికి ఇంత అని ఎవరు చెప్పినా, ఎవరిని లెక్కపెట్టారు అని కాదు, ఎవరిని వదిలేశారు అని అడుగుతాను. మీరూ అడగండి.

చెయ్యి కాలని నీళ్ళు

ఆ ఇద్దరిలో ఒకడు గుట్ట దిక్కు తాళ్ళెక్కే ఐలయ్య. ఇంకొకామె బీడీలు చుట్టే నర్సమ్మ. ఇద్దరి ఇళ్ళకూ పోయాను.

"సత్తయ్య డాక్టర్ దగ్గర సూదులు వేయించుకున్నవా అయిలన్నా?"

"సత్తయ్యెవరు? ఆలేరు మొకం నేను చూడలే. సూదులన్ని మీ సర్కారు దవాఖానలనే అయినయి గద, టీబీ ఉన్నప్పుడు."

నర్సమ్మా అదే చెప్పింది. యాకూబ్, ఐలయ్య, నర్సమ్మ ముగ్గురికీ టీబీ. రిజిస్టరు తీస్తే, ముగ్గురూ ఒకే కాలంలో మా సూదుల గది ముందు వరుసలో నిలబడ్డవాళ్ళు.

మరునాడు పొద్దున చెప్పకుండా సూదుల గదికి పోయాను. అక్కడ సూదులు ఉడకబెట్టేది అటెండర్ మల్లయ్య. నర్సు ఒకామె ఉన్నా, ఆమెకు వార్డులోనే సరిపోయేది; సూదులు వేయడం కూడా చాలాసార్లు మల్లయ్యే. వరుసలో ముప్పై నలభై మంది ఉన్నారు. కరెంటు డబ్బాలో గాజు సిరంజీలు నీళ్ళలో మునిగి ఉన్నాయి. ఆవిరి లేదు. నేను చెయ్యి లోపల పెట్టాను.

చెయ్యి కాలలేదు. స్నానానికి పెట్టుకునే నీళ్ళంత వేడి కూడా లేదు.

మల్లయ్య నన్నే చూస్తున్నాడు. "కరెంటు పోయి గంటయింది మేడం."

"మరి ఇందాకటి నుంచి వేస్తున్నవి?"

"సూది మారుస్తున్న. సిరంజి గదే."

"సిరంజి లోపటికి రక్తం ఎక్కి వస్తది మల్లయ్యా."

"నాకెవరు చెప్పిన్రు? గ్యాసునూనె పొయ్యి కావాల్నని రెండుసార్లు అడిగిన. లేదన్నరు. వీళ్ళను వాపస్ పంపితే ఒక సూది తప్పుతది, టీబీ మొండి అయితదంటరు. మీరే చెప్పున్రి, ఏం చెయ్యాలె?"

అతని మీద అరవాలని వచ్చాను. ఏం అరవాలో తెలియలేదు. ఆ గది నా ల్యాబ్‌కు ఇరవై అడుగుల దూరంలో ఉంది. పదేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టలేదు.

రుజువైందా అంటే కాలేదు. సత్తయ్య సూదులూ శుభ్రమైనవని నేను చెప్పలేను. యాకూబ్‌కు డెల్టా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. కానీ మిగతా ఇద్దరికీ అక్కడి నుంచి రాలేదు. మా డబ్బా దగ్గర ముగ్గురూ కలుస్తున్నారు.

సూపరింటెండెంట్ సార్‌కు ఉత్తరం చూపించి, ముగ్గురి సంగతీ చెప్పాను. ఆయన తలుపు వేయమన్నారు. "ఇది బయటికి పోతే టీబీ వాళ్ళు సూదికి రావడం మానేస్తారు. చచ్చిపోతారు. వాళ్ళందరి ఉసురు నీకు తగులుతుంది."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే అది ప్రమాదకరమైన మాట. పిల్లలూ, మీ పైవాళ్ళు అబద్ధం చెప్పి మీ నోరు మూయించడం తక్కువ. సగం నిజం చెప్పి మూయిస్తారు.

"కిరోసిన్ పొయ్యి తెప్పించండి సార్. అప్పుడు ఎవ్వరూ మానెయ్యరు" అన్నాను. చూద్దాం అన్నారు. నెల రోజులు చూశాను. డబ్బా అలాగే ఉంది.

సత్తయ్య అడిగింది

సెలవు పెట్టి జడ్చర్ల దగ్గర సత్తయ్య ఉన్న ఊరికి పోయాను. బస్సు దిగి అడిగితే కిరాణా కొట్టు చూపించారు. ఉల్లిగడ్డలు తూకం వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. సర్కారు దవాఖాన మనుషులంటే అతనికి భయం పోలేదు.

ఉన్నదంతా చెప్పాను. హలీమాతో ఆ మాట అన్నది నేనేనని కూడా చెప్పాను. అతను ఆ సంగతి అప్పటిదాకా ఎరగడు.

"నా సూదులు గూడ నేను మంచిగ ఉడకబెట్టిన అని ఒట్టు పెట్టలేనమ్మా" అన్నాడు. "పొయ్యి మీద పెడుతుంటి. జరూరున్న రోజు ఊకె కడిగి వేసిన. గది నా తప్పు. అందుకే ఇప్పుడు సూది ముడ్తలేను."

"నన్ను క్షమించు సత్తయ్యా."

"నాకొచ్చి చెప్తే ఏం ఫాయిదా అమ్మా? నేను యాకూబ్‌ను సంపలేదని నాకు ఎట్లనో అనిపిస్తనే ఉన్నది. ఆలేరోళ్ళకు చెప్పినవా?"

చెప్పలేదన్నాను.

"నా బిడ్డ ఆడ బడికి పోతుండె. దాని జతగాళ్ళు హంతకుని బిడ్డ అన్నరు. ఆడ చెప్పు." అని మళ్ళీ తక్కెడ ముందు కూర్చున్నాడు.

హలీమా

ఆదివారం ఆలేరు పోయాను. యాకూబ్ మిషన్ ఇప్పుడు హలీమా తొక్కుతోంది. జాకెట్లు కుడుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా తొక్కడం ఆపలేదు. డెల్టా గురించి ఎలా చెప్పాలో తెలియక, "దానికి సొంత అంగీ లేదు హలీమా. బి వైరస్ అంగీ తొడుక్కుంటేనే బతుకుతది" అన్నాను. అప్పుడు మిషన్ ఆగింది.

"అంటే మీ దవాఖాన సూదులతోని వచ్చిందా?"

"రుజువు లేదు. కానీ నాకు గట్లనే అనిపిస్తున్నది."

"మరి గప్పుడు సత్తయ్య పేరు ఎట్ల చెప్పినవ్? గప్పుడు రుజువున్నదా?"

ఆమె గుడ్డ మీద చెయ్యి రుద్దుతూ కూర్చుంది. "మా తమ్ముళ్ళు పోతుంటె నేను వద్దనలే. అంటే ఆగుతుండిరి." లేచి దుపట్టా సర్దుకుంది. "నువ్వొక్కదానివి చెప్తే మహబూబ్ నమ్మడు. నేను గూడ వస్త పా."

స్టేషన్ రోడ్డు టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు, మహబూబ్ కూడా ఉన్నాడు. నిలబడే చెప్పాను. సత్తయ్యే చంపాడనడానికి ఆధారం లేదన్నాను. ఆ మాట మొదట అన్నది నేనేనన్నాను. మా దవాఖాన నీళ్ళు మరగడం లేదన్నాను. టీబీ సూది మానొద్దు, ముందు సిరంజి ఉడికిందా అని అడిగి చూసి వేయించుకోండి అన్నాను. మహబూబ్ ఒకే మాట అడిగాడు, "మా బావ తిరుగుబోతు కాదన్నట్టేనా?" అని. తిరుగుబోతు కాదన్నాను. అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

ఆ వారమే అతను జడ్చర్ల పోయి వచ్చాడని విన్నాను. సత్తయ్య తిరిగి రాలేదు. కానీ అతని బిడ్డ పెళ్ళికి జాకెట్లన్నీ హలీమా కుట్టి పంపింది.

నాకు మెమో వచ్చింది. దాని గురించి రాయను. టీబీ వాళ్ళు సూదికి రావడం మానలేదు. వరుసలో నిలబడి, డబ్బాలోకి తొంగిచూసి, "పొగ ఏది మల్లయ్యా?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ బాధ పడలేక పదిహేను రోజుల్లో గ్యాసునూనె పొయ్యి వచ్చింది. నేను నెల రోజులు బతిమాలినా రాని పొయ్యి అది.

ఆ తర్వాత హలీమా తనకూ షబానాకూ పరీక్ష చేయించడానికి మా ల్యాబ్‌కు వచ్చింది. ఇద్దరికీ ఏమీ లేదని ఆ సాయంత్రానికి తేలింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ పొద్దుటి సంగతి. వాడి పారేసే సిరంజీలు మా దాకా ఇంకా రాలేదు. ఉడికించి పెట్టుకున్న గాజు సిరంజి తీశాను. ఆమె షబానా చేతిని వెనక్కి లాగింది.

"ఎప్పుడు ఉడకబెట్టినవ్?"

"పొద్దున."

"నేను చూడలే."

గిన్నెలో నీళ్ళు పోసి, సిరంజీ సూదీ అందులో వేసి, ఆమె ముందే స్టవ్ వెలిగించాను. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పాపను ఒళ్ళో పెట్టుకుని గిన్నె మీది నుంచి చూపు తిప్పలేదు. నీళ్ళు కదిలాయి. అడుగు నుంచి బుడగలు లేచాయి. కాసేపటికి గాజు సిరంజి గిన్నెకు తగిలి గలగల చప్పుడు మొదలైంది. ఇరవై నిమిషాలు గడిచాక పట్టకారు అందుకున్నాను.

"ఇంకా జరసేపు కానీ అక్కా" అంది హలీమా.

పట్టకారు పక్కన పెట్టి, నేను కూడా ఆమె పక్కన కూర్చున్నాను.